ఎడమ కాలి చెప్పు

దయ్యాల మీద నాకు కోపమేమీ లేదు. లేనివాటి మీద కోపమెందుకు? మదనపల్లెలో బీఎస్సీ ఫిజిక్స్ చదివాను. రెండుసార్లు తప్పాను, తప్పింది పరీక్షే కానీ సైన్సు మీద నమ్మకం కాదు. హాస్టల్లో నీళ్ల ట్యాంకు మీద గజ్జెల చప్పుడు వస్తోందని అందరూ ముసుగుతన్ని పడుకుంటే, పైకెక్కి చూసి, మూతకున్న గొలుసు గాలికి ఊగుతోందని చెప్పి వచ్చింది నేనే.

ఈ సంగతి రాస్తున్నది అలాంటివాడని గుర్తు పెట్టుకోండి.

డెబ్బైల చివరి మాట. పుంగనూరులో మా చిన్నాయన రెడ్డెప్పకు ఇనుము చెక్కే లేతు మిషనుతో ఒక షెడ్డు ఉండేది. పంపులు, మోటార్లు బాగుచేసేవాడు. మనసు మాత్రం ఒక్కదాని మీదే: ఫుట్‌వాల్వు. బావిలో పైపు అడుగున బిగించే మూత అది. మోటారు ఆపగానే మూసుకొని, పైపులో నీళ్లు కిందికి జారకుండా పట్టుకోవాలి. మా వైపు బావుల్లో ఇసుక ఎక్కువ. చిటికెడు ఇసుక మూత కింద ఇరుక్కుంటే చాలు, పైపు ఖాళీ. అప్పుడు పైనుంచి బిందెలతో నీళ్లు పోసి నింపాలి. కారడం ఆగడానికి ఆ నీళ్లలో పేడ కలపాలి. కరెంటు ఉండేదే కాసేపు. అందులో సగం పేడ కలపడానికే సరిపోయేది.

పేడ అక్కర్లేని వాల్వు చేస్తానని చిన్నాయన ఊరూరా చెప్పాడు. రెండు చేశాడు. రెండూ కారాయి. చౌడేపల్లె దగ్గర మునెప్ప అనే రైతు బావిలో రెండోది దించిన రోజు, చూడవచ్చిన జనం నవ్విన నవ్వుకు ఆయన రెండు పూటలు అన్నం ముట్టలేదు. ఆదివారం అదే బావిలో మూడోది దించుతానని, అదీ కారితే లేతు అమ్మేసి చేనిపనికి పోతానని చిన్నమ్మతో అన్నాడు. అన్నాడంటే చేస్తాడు.

శుక్రవారం మధ్యాహ్నం నేను సెలవుకు వచ్చేసరికి చిన్నాయన గోడమీద ఫోటోతో మాట్లాడుతున్నాడు. ఫోటోలో ఉన్నది ఆయనకు పని నేర్పిన కుప్పం శామ్యేలు మేస్త్రి. ఒక మిషన్ ఆస్పత్రిలో పంపులు చూసేవాడట. పోయి ఏడాది. నేను ఆయన్ను చూడలేదు. కుప్పమే చూడలేదు. ఫోటోలో మేస్త్రి మెడ వరకే ఉన్నాడు. ఈ ముక్క తర్వాత పనికొస్తుంది.

“యాడ తప్పు చేస్తాండాను మేస్త్రీ?” అంటున్నాడు చిన్నాయన.

ఆ ముఖం చూసి జాలేసింది. జాలేస్తే నాకు ఎగతాళి పుడుతుంది. మేస్త్రి రాత్రి నా కలలోకి వచ్చాడని చెప్పాను.

“మూతను సమంగా యాల పెడతాండాడు అన్నాడు చిన్నాయనా. ఒక పక్క రెండు వేళ్లు ఎత్తు ఉండేట్టు వాలుగా పెట్టాలంట. తోలు అంగట్లో కొనొద్దంట. పాత సెప్పుది కోయాలంట. ఎడమ కాలిది.”

చిన్నాయన ఆ చెప్పే నా మీద విసరాలి, నేను పరుగెత్తాలి, ఇద్దరం నవ్వుకోవాలి. నేననుకున్నది అంతే.

చిన్నాయన నవ్వలేదు. గుప్పెడు ఇసుక తెచ్చి రేకు ముక్క మీద పోశాడు. రేకును సమంగా పట్టుకుంటే ఇసుక కదల్లేదు. మెల్లగా వాల్చాడు. జారిపోయింది. మళ్లీ పోశాడు, మళ్లీ వాల్చాడు. నాలుగోసారికి నేనక్కడ ఉన్న సంగతే మరిచిపోయాడు.

“వాలుగా ఉంటే ఇసుక నిలబడదు రా,” అన్నాడు చాలా నెమ్మదిగా.

పెద్దపెద్ద శాస్త్రవేత్తలకు ఇలాంటి క్షణం వస్తుందని పుస్తకాల్లో చదివాను. మా చిన్నాయనకు వచ్చినప్పుడు ఆయన ఎడమ కాలి చెప్పు విప్పి నా చేతిలో పెట్టి, కత్తి వెతకమన్నాడు.

భయమేసి నిజం చెప్పేశాను. కల రాలేదని, అంతా నేను అల్లిందేనని.

“నీకంత తెలివే ఉంటే పరీక్ష పాసయ్యేవాడివి గదరా,” అన్నాడు.

కత్తి వెతికి ఇచ్చాను.

శనివారమంతా లేతు ఆగలేదు. ఆదివారం వాల్వు బావిలోకి దిగింది. మొదటిసారి కాబట్టి పైపు నింపి మోటారు వేశాం. నీళ్లు పడ్డాయి. ఆపేసి గంటసేపు కూర్చున్నాం. ఎందుకైనా మంచిదని మునెప్ప గంపెడు పేడ సిద్ధం చేసుకున్నాడు. మళ్లీ మోటారు వేయగానే, బిందెతో పనిలేకుండా, నీళ్లు దబదబా పడ్డాయి. చిన్నాయన పైపు పట్టుకొని అలాగే నిలబడిపోయాడు. మునెప్ప గంపకేసి చూసి, “ఇప్పుడీ పేడంతా ఏం చేసేది రెడ్డెప్పా?” అన్నాడు.

లేతు అమ్మే పని తప్పింది. కథ ఇక్కడితో ఆగితే నేనిది రాసేవాడిని కాదు.

పై వారం చిన్నాయన ఒక వాల్వు తీసుకొని, గురువుగారి ఇంట్లో చూపించాలని కుప్పం బయలుదేరాడు. వెంట నేనూ వెళ్లాను. మేస్త్రి కూతురు ఎస్తేరమ్మ మాకు కాఫీ ఇచ్చి, వాల్వును తిప్పితిప్పి చూసింది. కల సంగతి మేమిద్దరం ఎత్తలేదు. ఆమె లోపలికి వెళ్లి గుడ్డమూట తెచ్చి విప్పింది. అందులో ఇత్తడి వాల్వు ఉంది. మూత వాలుగా ఉంది.

“పోయే ముందర మా నాయన చేసినాడన్నా. బావిలో దించి సూస్కోకనే పోయినాడు. నేనింతవరకు ఎవురికీ సూపించల్యా.”

చిన్నాయన ఆ వాలు దగ్గర వేళ్లు పెట్టి చూశాడు. రెండు. మూత తోలు నల్లగా, మందంగా ఉంది, అంచున కుట్టు తూట్లు ఉన్నాయి. ఆయన ఏమి అడగబోతున్నాడో నాకు తెలిసిపోయింది. అడగకపోతే బాగుండు అనుకున్నాను.

“అమ్మా, మేస్త్రి సెప్పులు ఉండాయా?”

ఆమె మంచం కిందికి వంగి ఒక చెప్పు బయటికి తీసింది. ఒక్కటే.

“జత కోసం అప్పటినించి ఎతకతానే ఉండాను. ఒంటిదని పారేయబుద్ధి కాలా,” అంది.

అది కుడి కాలిది.

విడివిడిగా అయితే అన్నిటికీ నా దగ్గర సమాధానాలు ఉన్నాయి. వాలు నోటికొచ్చి అన్నది. రెండు వేళ్లు ఎవరైనా అంటారు. చెప్పుల తోలు పంపులకు వాడటం మామూలే. కుడి, ఎడమల్లో ఏదో ఒకటి తగలాల్సిందే. కానీ అన్నీ కలిసి, ఒకే గుక్కలో, ఫోటోలో కూడా ఆయన కాళ్లు చూడని నా నోట్లోంచి ఎలా వచ్చాయో ఇన్నేళ్లయినా తేల్చలేకపోయాను. ఒక్కటి మాత్రం ఒట్టేసి చెప్పగలను: ఆ రాత్రి నాకు ఏ కలా రాలేదు.

చిన్నాయన ఈమధ్య చింతగింజలు తీసే మిషను మీద పడ్డాడు. పని చిక్కుపడినప్పుడల్లా నాకు కార్డు రాస్తాడు, మేస్త్రి ఏమైనా చెప్పాడా అని. వేళాకోళానికి జవాబులు బోలెడు తోస్తాయి. ఒక్కటీ రాయను.