ద్రాక్షపందిరికి కనకప్ప కట్టిన పట్ట

బళ్లారి దగ్గర కుడతిని రోడ్డు పక్క కొట్టులో కనకప్ప ముప్పై ఏళ్లుగా టార్పాలిన్ పట్టలు కుడుతున్నాడు. పని ఎవరూ నేర్పలేదు. చిరిగిన పట్ట విప్పి, పాత కుట్టు ఎక్కడ తెగిందో చూసి, తనంతట తానే నేర్చుకున్నాడు. గనుల గిరాకీ పెరిగాక ఖనిజం లారీలు అతని కొట్టు ముందు వరుసకట్టేవి. కనకప్ప బిగించిన పట్ట కింద నుంచి పిడికెడు దుమ్ము కూడా రాలదని డ్రైవర్లు చెప్పుకునేవారు.

ఇంటి పెరట్లో అతని భార్య దుర్గక్క నాటిన ద్రాక్షతీగ ఒక్కటే ఉండేది. దసరా వేళకు కత్తిరిస్తే చక్కగా చిగురించి పూత కట్టేది. సరిగ్గా అప్పుడే వాన పడేది. తడిసిన ఆకుల కింద తెల్లగా బూజు పట్టి, పిందెలు ఎండి రాలిపోయేవి.

ఆ పెరటి స్థలం మాత్రం దుర్గక్క తమ్ముడు పాపన్నది. అతను కొత్తగా లారీ కొన్నాడు.

"మూడేండ్లుగా చూస్తాండా బావా. కాయలేని పందిరి ఎందుకప్పా ఈడ? ఈసారి కూడా కాయ నిలవకపోతే కొట్టేసి లారీ పెట్టుకుంటా," అన్నాడు.

దుర్గక్క వెళ్లి తీగకు ఒక బిందె నీళ్లు పోసి వచ్చింది. అది చూసి కనకప్ప ఆ వారమే తన దగ్గరున్న మంచి పట్ట తెచ్చాడు. పందిరి మీద పరిచి, నాలుగు పక్కలా నేలదాకా దించి, తాళ్లతో బిగించాడు. రెండు రోజులు వాన కొట్టింది. లోపల ఒక్క చుక్క పడలేదు. అతనికి తృప్తిగా అనిపించింది.

అయిదోరోజు దుర్గక్క పట్ట ఎత్తి లోపలికి దూరింది.

"ఈడికి రా. ఆకు పట్టుకొని చూడు."

పట్ట కింద ఉక్క. ఆకులు చెమట పట్టినట్టు తడిగా ఉన్నాయి. ఒక పక్క అప్పుడే బూజు మొదలైంది.

"ఇదేమన్నా గని రాయి అనుకుంటివా, ఊపిరాడకుండా బిగించేకి? దీనికి గాలి గావాల, ఎండ గావాల," అంది.

కనకప్ప తాళ్ల ముడులు విప్పాడు. ఇన్నేళ్లూ లోపలిది బయటికి రాకుండా కట్టడమే అతని పని. గాలికి దారి వదలాలన్న ఆలోచన ఎప్పుడూ అవసరం పడలేదు.

బూజు పట్టిన ఆకులన్నీ తుంచి కాల్చేశాడు. బళ్లారి వెళ్లి బ్రూస్‌పేట బజారులో వెలుతురు దిగే మందపాటి ప్లాస్టిక్ కాగితం తెచ్చాడు. తీగకు మూరెడు ఎత్తున వెదురుబద్దలు విల్లులా వంచి, కాగితం వాటి మీదే పరిచాడు. వాలువాన తగలకుండా చూరు కొంచెం బయటికి వదిలాడు. పక్కలు నాలుగూ తెరిచే ఉంచాడు. గాలికి కాగితం చిరగకుండా అంచుల్లో తాడు పెట్టి కుట్టాడు. వాన పడింది, నీళ్లు జారిపోయాయి. కింద ఆకులు గాలికి గలగలమన్నాయి, పొడిగా.

రోడ్డు మీది ఎర్రదుమ్ము కాగితం మీద పేరుకుని వెలుతురు తగ్గేది. వారానికోసారి దుర్గక్క కర్రకు తడిగుడ్డ కట్టి తుడిచేది.

శివరాత్రికి ముందు పాపన్న లారీతో వచ్చాడు. పందిరి కింద గుత్తులు వేలాడుతున్నాయి. ఒక కాయ తుంచి నోట్లో వేసుకున్నాడు.

"పుల్లగా ఉండాది," అంటూనే గుత్తి మొత్తం కోసుకున్నాడు.

"పులుపైతే ఈడ పెట్టిపో," అంది దుర్గక్క.

"మరి లారీ యాడ పెడతావప్పా?" కనకప్ప మెల్లగా అడిగాడు.

"రోడ్డు మీదనే పెడతాలే. నువ్వు కుట్టిన పట్ట ఉండాది గదా, అదేం తడుస్తాది?" అన్నాడు పాపన్న నోటినిండా కాయలతో.

ఆ సాయంత్రం పాపన్న అడగకుండానే కనకప్ప లారీ పట్ట దించి, సడలిన కుట్లన్నీ మళ్లీ వేశాడు. అన్నిటికన్నా పెద్ద గుత్తి మాత్రం అంతకుముందే కోసి దుర్గక్క ఒళ్లో పెట్టాడు. ఎవరైనా పందిరి పనితనం మెచ్చుకుంటే ఇప్పటికీ ఒకే మాట అంటాడు: "మొదట నేను కట్టినదాని కింద బూజు పట్టె. ఇది మా ఆమె విప్పించినాక నేను మళ్లా కట్టినది."