టీవీ పక్కన పీట

అక్కడ గడప దగ్గర కూర్చుంటే వీధి రొదలో నా మాట మీకు వినబడదు. లోపలికి వచ్చి నా మోకాలికి తగిలేంత దగ్గరగా కూర్చోండి. నా గొంతు ఇప్పుడు పెద్దగా లేవదు. చెప్పేది కూడా పెద్ద కథేమీ కాదు. మా ఇంట్లో టీవీని ఎక్కడ పెట్టాము, ఎంత ఎత్తులో పెట్టాము అన్నదే.

నేను పుట్టింది తడ ఊరికి అవతల, పులికాట్ సరస్సు ఒడ్డున. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం. రెండూ ఒకే నోట్లో కలిసి పెరిగాయి. ఏ మాట ఏ భాషదో మేమెవ్వరం విడదీసి చూసుకోలేదు. పెళ్ళయి తిరుపతికి వచ్చాకే ఆ తేడా తెలిసింది. మేమున్న వీధిలో అందరూ పీలేరు, వాయల్పాడు వైపు నుంచి బతకడానికి వచ్చినవాళ్ళు. కొండకు వచ్చే అరవవాళ్ళతో పూల బేరం చేసేంత తమిళం వాళ్ళకు వచ్చు. అంతకు మించి రాదు.

వచ్చిన కొత్తలో ఎదురింటామె ఒక మధ్యాహ్నం మా మెట్ల మీద కూర్చుని వాళ్ళ ఆడబిడ్డ సంగతి మొదలుపెట్టింది. నాకంటే పదేళ్ళు పెద్దది. ఆ వీధిలో నా దగ్గర కూర్చున్న మొదటి మనిషి ఆమె. చెప్తూ చెప్తూ మధ్యలో ఆగింది. ఆగితే లేచిపోతుందేమోనని నాకు భయం వేసింది.

"సొల్లక్కా, సొల్లు" అన్నాను.

మా వైపు మాటలో సొల్లు అంటే చెప్పు అని. తెలుగులో అదేమో నోట్లోంచి కారేది, లేకపోతే పనికిమాలిన వాగుడు. ఆమె మొహం మాడిపోయింది.

"నా కష్టం నీకు సొల్లుగా ఉండాదా పాపా?" అని చెంగు దులుపుకుని లేచిపోయింది.

సాయంత్రానికి వీధంతా పాకింది. ఆనాటి నుంచి నేను సొల్లామెను. నవ్వుతూనే అనేవాళ్ళు, పాపం చెడ్డవాళ్ళు కాదు. కానీ నోరు తెరిస్తే ఏ మాట ఏ భాషలోంచి జారుతుందో తెలియక, నేను నోరు తెరవడమే తగ్గించుకున్నాను. కొళాయి దగ్గర బిందె నింపుకుని తలవంచుకుని వచ్చేసేదాన్ని.

మా ఆయన రేణిగుంటలో ఒక లారీ గోడౌనులో గుమాస్తా. సరుకు ఎప్పుడు వస్తే అప్పుడు దగ్గరుండి దింపించుకోవాలి. లారీ వస్తే మనిషి రాడు. లారీ రాకపోతే దాని కోసం చూస్తూ రాడు. మాకు పిల్లలు కలగలేదు. పొద్దున ఆయన సైకిలెక్కి పోయాక ఆ గోడల మధ్య మాటన్నది ఉండేది కాదు. మాట్లాడటం మరిచిపోతానేమోనని బియ్యం ఏరుతూ బియ్యంతో మాట్లాడేదాన్ని. తిండికీ బట్టకూ లోటు లేదు. ఎవరైనా వచ్చి మా ఇంట్లో కూర్చోవాలి, నేను చెప్పింది వినాలి. నాకు కావలసింది అదొక్కటే.

ఎనభైలు మొదలైన కొత్తలో ఆయన టీవీ తెచ్చాడు. మద్రాసులో ఎవరో కొత్తది కొనుక్కుని పాతది ఇచ్చేస్తుంటే లారీలో వేయించుకుని వచ్చాడు. నలుపూ తెలుపూ బొమ్మ, చెక్క పెట్టె, ముందర అటూ ఇటూ జరిపే తలుపులు. మిద్దె మీద పొడుగాటి నీళ్ళ పైపు నిలబెట్టి, కొసన ఏంటెన్నా కట్టి మద్రాసు వైపు తిప్పారు. అప్పటికి మాకు అందేది మద్రాసు ఒక్కటే, అదీ గాలి అనుకూలిస్తే. బొమ్మ మీద ఎప్పుడూ చినుకులు పడుతున్నట్టే ఉండేది.

సరే, దాన్ని ఎక్కడ పెట్టాలి? కిటికీకి ఎదురుగా పెడితే సాయంత్రం ఎండ అద్దం మీద పడి, బొమ్మకు బదులు మా మొహాలే మాకు కనబడ్డాయి. దేవుడి పటాల కింద గూట్లో పెడదామంటే పట్టలేదు. చివరికి బీరువా మీదికి ఎత్తిపెట్టి, కుర్చీలో వెనక్కి వాలి చూసి, బాగుందన్నాడు. ఆయన కుర్చీ మనిషి. నేను నేల మనిషిని. కూరగాయలు తరిగినా, పూలు కట్టినా, అన్నం తిన్నా నాకు నేలే.

"గోపురం సూసినట్ల సూడాల్సి వస్తాంది. కిందికి దించు" అన్నాను.

"కిందుంటే కుర్చీలో కూసున్నోళ్ళు తల వంచుకోని సూడాల గదమ్మే."

"కుర్చీలో ఎవురు కూసుంటారు?"

"నేనే."

"నువ్వు ఈడ యాడుంటావు?"

ఆయన కుర్చీలోంచి లేచాడు. టీవీని నేలకు దించాడు. నన్ను ఎప్పుడూ కూర్చునేట్టు గోడకు ఆనుకుని కూర్చోమన్నాడు. పక్కన గొంతుక్కూర్చుని, నేల నుంచి నా కంటి దాకా జానలు వేసుకుంటూ వచ్చాడు. మూడు జానలు, మీద నాలుగు వేళ్ళు. ఆ వేళ్ళు నా చెవి దగ్గర ఆగినప్పుడు నేను ఊపిరి బిగబట్టాను.

"కదలొద్దుమ్మే, కొలత తప్పుతాది" అన్నాడు.

గోడౌను నుంచి తెచ్చిన చెక్కపెట్టె ఒకటి బోర్లించి దానిమీద టీవీ పెట్టాడు. అద్దం నడిమికి నా చూపు సరిగ్గా ఆనింది.

కొన్ని నెలలు నేనొక్కదాన్నే చూశాను. సాయంత్రం పూట పంటల గురించి మాట్లాడే పెద్దమనుషుల్ని కూడా వదిలేదాన్ని కాదు. చెనక్కాయ చేనికి తెగులొస్తే నాకేమి? మా పుట్టింటి వీధిలో వినబడే మాట ఇంట్లో వినబడుతోంది, అంతే. తెర మీద అక్షరాలు పడితే నాకు చదవడం రాదు. మాట పడితే వచ్చు.

ఒక ఆదివారం సాయంత్రం సినిమాలో ఏదో హాస్యానికి గట్టిగా నవ్వాను. చాన్నాళ్ళుగా నాతో సరిగా మాట్లాడని ఎదురింటామె కిటికీ ఊచలు పట్టుకుని లోపలికి చూసింది.

"ఒంటిగా ఏంది పాపా అట్ల నవ్వుతా ఉండావు?"

"వచ్చింది అల్లుడని తెలీక ఆ పెద్దాయన అల్లుణ్ణే మూట మోయమంటా ఉండాడక్కా. అల్లుడేమో కూలెంతిస్తావని బేరమాడతా ఉండాడు."

"అట్లనా?" అని ఊచలు వదిలి, చుట్టూ తిరిగి వాకిలి గుండా లోపలికి వచ్చి కూర్చుంది. కాసేపటికి, "తర్వాత?" అంది.

ఎన్నేళ్ళకు నన్నొకరు తర్వాత అని అడిగారు.

మరుసటి ఆదివారం ఆమె ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చింది. నెల తిరిగేసరికి ముందుగది నిండింది. అప్పుడు టీవీ ఎక్కడ ఉండాలన్న తగాదా మళ్ళీ వచ్చింది. నేను ముందు వరసలో కూర్చుని తెలుగులో చెప్తే వెనకవాళ్ళకు వినబడదు. వెనక కూర్చుంటే అందరూ మెడ తిప్పి నావైపు చూడాలి. ఆలోచించి, మూలనున్న పెట్టెను మూరెడు ఇవతలకు జరిపి, పక్కగోడకూ టీవీకీ నడుమ పీట వేసుకున్నాను. అక్కడినుంచి తెర నాకు వారగా కనబడుతుంది. మనుషుల మొహాలు నేరుగా కనబడతాయి.

"సొల్లక్కా, సొల్లు" అని ఒకామె తొందర చేసింది. చేసి నాలుక కరుచుకుంది. ముందు నేనే నవ్వాను, ఆ తర్వాత గదంతా నవ్వింది.

అట్లా సాగిన నాలుగేళ్ళలో నేను సినిమాలు చూసింది తక్కువ. సినిమా చూస్తున్న మొహాలను చూశాను. ఎవరికి ఏ మాట తగిలితే కన్ను తడుస్తుందో నాకు తెలిసిపోయింది. మొదట్లో తెర మీద ఏమంటే అదే చెప్పాను. రానురాను, మాట చిన్నదిగా ఉంటే కొంచెం పొడిగించాను. అక్కడ కోడలు రెండు మాటలంటే ఇక్కడ నాలుగనిపించాను. ఎవరికీ అనుమానం రాలేదు. వాళ్ళకు కావలసిందీ అదే, నాకు కావలసిందీ అదే.

ఒక ఆదివారం గోడౌను మూసేశారని మా ఆయన ఇంట్లోనే ఉన్నాడు. జనం వెనక వాకిలి దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. లారీ డ్రైవర్లతో మెలిగి మెలిగి ఆయనకు తమిళం నా అంత వచ్చునన్న సంగతి నాకు గుర్తే రాలేదు. సినిమాలో మొగుడు ఊరినుంచి వచ్చి ఆకు ముందర కూర్చున్నాడు. భార్య వడ్డిస్తూ, ఇంకొంచెం రసం పొయ్యనా అని అడిగింది. అంతే. ఆపైన చాలాసేపు ఆమె మొహమే చూపించారు. మొహం చూపిస్తే జనం నావైపు చూస్తారు, ఏమంటోందని. నేను చెప్పాను.

"నువ్వు తింటా ఉన్నంతసేపే ఈ ఇంట్లో మనిషి అలికిడి ఉంటాది. అందుకే రసమొకసారి, మజ్జిగొకసారి తెస్తా ఉండా. అంతా ఒకేసారి వడ్డిస్తే నువ్వు గబగబా తిని బిన్నా లేచిపోతావు. అట్లంటా ఉండాది."

ఎదురింటామె చెంగుతో ముక్కు తుడుచుకుంది. తలెత్తితే, అన్ని మొహాల వెనక మా ఆయన మొహం. ఆయన తెర వైపు చూడటం లేదు.

మరునాడు పొద్దున ఆయన ముందర చద్దన్నం పెట్టాను.

"నిన్న ఆమె ఆ మాట అనలేదు గదమ్మే" అన్నాడు, తలెత్తకుండానే.

"అనలేదు."

"మరెందుకు చెప్పినావు?"

"ఆ పిల్ల ఆ మాట అంటే బాగుండుననిపించింది."

రెండు ముద్దలు తిన్నాడు. "మజ్జిగుండాదా?" అని అడిగాడు. తెచ్చి పోశాను. తాగాక కూడా కంచం ముందర కాసేపు అట్లే కూర్చున్నాడు. తర్వాత చెయ్యి కడుక్కుని సైకిలు తీశాడు. కొన్నాళ్ళు వారంలో రెండు రోజులు పొద్దుగుంకకముందే ఇంటికి వచ్చేవాడు. మళ్ళీ లారీలు ఎక్కువయ్యాయి. ఆ మాట మేమిద్దరం మరి ఎత్తలేదు.

తర్వాత మా దగ్గర్లోనే టీవీ టవరు లేచింది. మొదట హిందీ వచ్చింది. అది నాకూ రాదు, వాళ్ళకూ రాదు. అందరం కలిసి ఊరికే చూశాం. ఆ పైన తెలుగు వచ్చింది. ఏంటెన్నాను మద్రాసు వైపు నుంచి తిప్పేశారు. బొమ్మ మీద చినుకులు పోయి తేటగా కనబడింది.

తెలుగు సినిమా వేసిన మొదటి రోజు గది ఎప్పటికంటే ఎక్కువ నిండింది. నేను అలవాటు కొద్దీ పీట మీద కూర్చున్నాను. తెరలో మాట్లాడుతున్నారు, ఇక్కడ నవ్వుతున్నారు, నావైపు ఎవరూ చూడటం లేదు. నోరు ఊరుకోక ఒకచోట, "పాపం, ఆ బిడ్డకు ఇంకా సంగతి తెలీదు" అన్నాను.

"ఉండక్కా, మాట ఇనపడలేదు" అన్నారు వెనకనుంచి.

ఇంకాసేపటికి ఎదురింటామె మెల్లగా నావైపు వంగింది. "పాపా, రవంత జరుగు. ఈ గోడ పక్కనున్నోళ్ళకు నీ తల అడ్డముండాది."

ప్రేమగానే అంది. నేను ఒదిగి కూర్చున్నాను. అయినా అడ్డమే. లేచి, పీట చేత్తో పట్టుకుని వంటింటి గడప దగ్గరికి పోయాను. అక్కడినుంచి నాకు అందరి వీపులూ కనబడ్డాయి.

వారం తిరగకముందే మా ఆయన గోడకు దిగ్గొట్టే ఇనుప చట్రం చేయించుకుని వచ్చాడు. వెనకవాళ్ళకు బొమ్మ కనబడటం లేదని వీధిలో అందరూ ఆయన్ను అడుగుతున్నారట. చట్రాన్ని గోడకు ఆనించి పట్టుకుని నావైపు తిరిగాడు.

"ఈ ఎత్తు సాలునా? ఇంగా కిందికా? నువ్వెట్ల చెప్తే అట్ల పెడతా."

నిజంగానే అడిగాడు. కిందికి అంటే కిందికే పెట్టేవాడు. అసలు చట్రమే వద్దంటే పక్కన పడేసేవాడు. టీవీ పెట్టె మీదే ఉండేది, దాని పక్కన నా చోటు నాకుండేది. కానీ అక్కడ కూర్చుని ఇకమీదట నేను చెప్పేదేముంది? కనబడకపోతే వాళ్ళు రావడం మానేస్తారు. కనబడితే వస్తారు. నా కోసం కాదు, అయినా వస్తారు, గదిలో మనుషుల ఊపిరి ఉంటుంది. ఆయన చేతులు నొప్పి పుట్టేదాకా నేను ఆ గోడ వైపు చూస్తూ నిలబడ్డాను.

"ఇంగొంచెం పైకి" అన్నాను. "వాకిట్లో నిలబడినోళ్ళకు గూడా కనపడాల."

పెన్సిలుతో గోడ మీద గీత గీశాడు. గీసి, అక్కడినుంచి నేను కూర్చునే చోటు దాకా చూపుతో కొలిచాడు.

"అంతెత్తు అయితే నీకు మెడ నొస్తాదమ్మే."

"నేను ఇనుకుంటాలే" అన్నాను.

వీధివాళ్ళు ఇంకో రెండేళ్ళు వచ్చారు. ఆ తర్వాత మిద్దెకొక ఏంటెన్నా లేచింది. ఒక్కొక్కరే తగ్గారు. చివరిదాకా వచ్చిన ఎదురింటామె కూడా, వాళ్ళ కొడుకు టీవీ తెచ్చాక, ఆదివారాలు ఇంట్లోనే ఉండిపోయింది. ఆ పొద్దుల్లో నేను వంటింట్లో ఉండేదాన్ని. మా ముందుగదిలోంచి ఒక మాట వినబడేది. అదే మాట, అదే గడియకు, వీధికి అవతల వాళ్ళింట్లోంచీ వినబడేది.

ఇంతసేపూ లేవకుండా ఊ కొట్టారు, చల్లగా ఉండండి. మీ పొయ్యి ఆరకుండా, మీ వాకిలికి ముగ్గు తప్పకుండా ఉండాలి. మీ ఇంట్లో పెద్దవాళ్ళు మాట్లాడితే చిన్నవాళ్ళు, చిన్నవాళ్ళు మాట్లాడితే పెద్దవాళ్ళు మొహం తిప్పి వినేంత తీరిక మీ అందరికీ దొరకాలి.