ముప్పై తొమ్మిదికి స్తోత్రం

కంకిపాడులో నా ఎంట్రన్స్ మార్కులు తెలియనివాళ్ళు ఎవరైనా ఉన్నారంటే, ఆ వేళ ఊళ్ళో లేనివాళ్ళే! చాటింపు వేసింది ఎవరో కాదండీ, సాక్షాత్తూ నేనే. అదీ మైకులో! టీ తాగుతూ వినండి. పొలమారితే మాత్రం నా పూచీ లేదు.

ఎమ్మెస్సీ కెమిస్ట్రీకి ఎంట్రన్స్ రాశానని మీకు తెలుసుగా. రాసొచ్చిన రోజు అమ్మ "ఎలా రాశావురా డేవిడూ?" అనడిగింది. ఫర్వాలేదని ఊరుకోవచ్చుగా! "సీటు జేబులో ఉన్నట్టేనమ్మా" అన్నాను. అంతే, రిజల్ట్ వచ్చే రోజు సాయంత్రమే చర్చివాళ్ళందరినీ పిలిచి ఇంట్లో కృతజ్ఞతా కూటం పెట్టేసింది. మా నాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారు. "ముందు రిజల్ట్ రానివ్వవే" అన్నారు. "విశ్వాసం లేని మాటలు మాట్లాడకండి" అంది అమ్మ.

ఆ రోజు బెజవాడ వెళ్ళి కాలేజీ నోటీసు బోర్డు చూశాను. వందకి ముప్పై తొమ్మిది! పక్కవాడి నంబరు చూశానేమోనని మళ్ళీ చూశాను. పక్కవాడికి డెబ్బై రెండు. సీటు సంగతి దేవుడెరుగు, ఇంటికెళ్ళేదెలా? గవర్నర్‌పేటలో టీ మీద టీ తాగి, వచ్చిన బస్సు వచ్చినట్టే వదిలేసి, చీకటిపడే వేళకి కంకిపాడులో దిగాను. ముందు అమ్మ చెవిలో ఒక మాట వేసేద్దామని నా ప్లాను.

ఏదీ? బస్టాండుకే పాట వినబడుతోంది! మైకుసెట్టు కూడా పెట్టించింది మహాతల్లి. ఇంటి ముందు షామియానా, దొడ్లోంచి కోడి పులావు ఘుమఘుమ. "అడుగో, వచ్చాడు!" అంటూ పాస్టరుగారు చెయ్యి పట్టుకుని ముందుకి లాక్కెళ్ళిపోయారు. అమ్మ వంక చూసి తల అడ్డంగా ఊపాను. సిగ్గుపడుతున్నాననుకుని మురిసిపోయింది. "సాక్ష్యం చెప్పు బాబూ" అని మైకు చేతిలో పెట్టారాయన.

మా కూటాల్లో సాక్ష్యం అంటే, దేవుడు మనకి చేసిన మేలు నలుగురికీ చెప్పడం. మనం ఒక్కో మాట చెబుతుంటే జనం స్తోత్రం అంటుంటారు.

"పరీక్ష రాశానండీ" అన్నాను.

"స్తోత్రం!"

"రిజల్ట్ వచ్చిందండీ."

"స్తోత్రం!"

"ఎన్ని మార్కులో చెప్పు బాబూ, సంఘం సంతోషిస్తుంది" అన్నారు పాస్టరుగారు. మైకు పట్టుకుని అబద్ధమాడడం నా వల్ల కాలేదు.

"వందకి... ముప్పై తొమ్మిదండీ."

"స్తోత్రం!" అంది ముందు వరసలోంచి మా అమ్మ వాళ్ళక్క మార్తమ్మ పెద్దమ్మ, గొంతెత్తి. అలవాటు! ఆవిడ వెనకే షామియానా మొత్తం "స్తోత్రం!"

అంతలో ఎవరో కిసుక్కుమన్నారు. ఎవరా అని చూస్తే మా నాన్న! నాకు ఊహ తెలిశాక ఆయన అలా నవ్వడం చూళ్ళేదు. కళ్ళు తుడుచుకుంటూ వచ్చి మైకు తీసుకుని, "వచ్చే ఏడు మళ్ళీ రాస్తాడండీ. పులావు మాత్రం ఇవాళే తినేయండి" అన్నారు. నిజం చెప్పొద్దూ, ప్రాణం లేచొచ్చింది. మధ్యాహ్నం నుంచి టీలేగా, అందరికంటే ఎక్కువ నేనే తిన్నాను. అమ్మ తిడుతూనే వడ్డించింది, వడ్డిస్తూనే తొడ ముక్క వెతికి వేసింది.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. నిన్న ఆదివారం చర్చిలో, ప్రార్థన మనవులుంటే చెప్పమన్నారు పాస్టరుగారు. మార్తమ్మ పెద్దమ్మ లేచింది. నాన్న మాట్లాడుతున్నంత సేపూ ఆవిడ ధ్యాసంతా పులావు మీదే, ఒక్క ముక్కా చెవిన పడలేదు. ఇంత కూటం పెట్టి, మైకు పెట్టి, కోళ్ళు కోశారంటే అవి గొప్ప మార్కులే అయ్యుంటాయని ఆవిడ నమ్మకం.

"అయ్యగారూ, మా మనవడు పదో తరగతి పరీక్ష రాశాడండీ. మన డేవిడుకి వచ్చినన్ని మార్కులు వాడికీ రావాలని ప్రార్థన చెయ్యండి!"

"కూర్చోండి అత్తయ్యా!" అని కోడలు చెంగు పట్టుకుని లాగుతూనే ఉంది. పాస్టరుగారు మాత్రం ఏం చేస్తారు పాపం? పెద్దావిడ మాట కాదనలేక, కళ్ళు మూసుకుని అడిగింది అడిగినట్టే ప్రార్థన చేశారు.

మా చర్చిలో జనం ఆమెన్ అనని ప్రార్థన అదొక్కటేనండీ. నేనూ అనలేదు.