ఒసారో మెడలో హెడ్‌సెట్

లాగోస్ కంప్యూటర్ల బజారులో సీలు వేసిన డబ్బాను ఒసారో ఛస్తే నమ్మడు. ఒకసారి ఫోను కొంటే డబ్బాలో సబ్బుబిళ్ళ వచ్చింది. గేమ్ సెంటర్ నడిపే మనిషి కదా, ఫోనుకూ ల్యాప్‌టాప్‌కూ కన్సోల్‌కూ పనికొచ్చే ఒకే వైర్‌లెస్ హెడ్‌సెట్ కావాలని వచ్చాడు.

"అన్నిటికీ పనిచేస్తుంది ఓగా, తీసుకోండి," అంది కొట్టు యజమానురాలు రోంకె. అక్కడ ఓగా అంటే అయ్యగారని.

"నీ మాట కాదు, నా చెవి చెప్పాలి. విప్పు."

ఫోనుకూ ల్యాప్‌టాప్‌కూ కలిపి విన్నాడు. కన్సోల్‌కు పెట్టే బుల్లి రిసీవరును ఆమెను ముట్టుకోనివ్వలేదు. కొట్టులోని కన్సోల్‌కు తానే గుచ్చి విన్నాడు.

"సరే, కొత్త డబ్బా ఇస్తాను."

"ఆ పప్పులు నా దగ్గర ఉడకవు. నేను విన్నదే కావాలి."

ఎక్కడ మార్చేస్తుందోనని హెడ్‌సెట్ మెడలో వేసుకునే బస్సెక్కాడు.

ఇంట్లో ఫోను పలికింది, ల్యాప్‌టాప్ పలికింది. కన్సోల్ మాత్రం పలకలేదు. చూస్తే రిసీవరు లేదు. దొంగది కొట్టేసిందని పళ్ళు నూరుకుంటూ తిరిగొచ్చాడు. అది అతను గుచ్చిన చోటే ఉంది. రోంకె పీకి చేతిలో పెట్టింది.

ఒసారో దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది నాదేనని నమ్మకమేంటి?"

"మళ్ళీ గుచ్చి వినండి ఓగా. ఈసారి దీన్ని కూడా మెడలో వేసుకెళ్ళండి."