తెల్ల కాగితం మీద పళ్లెం చప్పుడు

దయ్యాలు, గాలి సోకడాలు నేను నమ్మను. ఆ మాటకొస్తే మనుషుల్ని కూడా అంత తేలిగ్గా నమ్మను. పాలు పోసే ఆమె ఎదురుగానే గిన్నె వంచి, నీళ్లు కలిశాయేమోనని చూసే రకాన్ని. మా అమ్మ నన్ను ‘ఇన్‌స్పెక్టరమ్మ’ అని వెక్కిరిస్తుంది. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, నేను ఇక్కడ రాస్తున్నది ఇంకెవరైనా చెప్పి ఉంటే మొదట అనుమానపడేది నేనే.

నా పేరు ఎస్తేరు. మాది అనకాపల్లి వైపు. నాన్న మిషన్ స్కూల్లో టీచరు. పదేళ్ల కిందట ఆయన్ని అరకు బదిలీ చేస్తే ఇక్కడికి వచ్చాం. అంతకుముందు మా ఇంట్లో ఎవరూ ఏజెన్సీ ముఖం చూసినవాళ్లు కాదు. ఈ సంగతి కొంచెం గుర్తుపెట్టుకోండి.

డిగ్రీ అయ్యాక ఆర్మీలో ఆఫీసరు కావాలని రాత పరీక్ష రాశాను. పాసయ్యాను. కానీ అసలు గండం ఆ తర్వాత ఉంటుంది. సెలక్షన్ బోర్డు ఐదు రోజులు తన దగ్గరే ఉంచుకుని, మన బుర్రనీ మనసునీ జల్లెడ పడుతుంది. దానికి తయారవడానికి హుకుంపేటలో ఒక రిటైర్డ్ సుబేదారు గారి దగ్గర చేరాను. చర్చి హాల్లో ఆరుగురికి చెప్పేవారు. పొద్దున్నే పరుగు, తర్వాత పరీక్షలు.

ఆ పరీక్షల్లో ఒకటి బొమ్మల పరీక్ష. మసకగా ఉన్న బొమ్మను అర నిమిషం చూపిస్తారు. నాలుగు నిమిషాల్లో దాని మీద ఇంగ్లీషులో కథ రాయాలి. అలా పదకొండు బొమ్మలు. పన్నెండోది ఖాళీ. ఉత్త తెల్ల కాగితం. దాని మీద మనకు తోచిన కథ రాసుకోవచ్చు. అందుకే అందరూ ఆ పన్నెండో దానికి ఒక మంచి కథను ముందే తయారుచేసి పెట్టుకుంటారు. సుబేదారు సారు బొమ్మలన్నీ తనే చార్టుల మీద బొగ్గుతో గీసేవారు. ఏది మనిషో ఏది చెట్టో తెలిసేది కాదు. పన్నెండోసారి మాత్రం తెల్ల చార్టు తగిలించేవారు.

మా ఆరుగురిలో పార్వతక్క ఒకరు. జి.మాడుగుల అవతల కొండ మీద ఊరు. నాకంటే పెద్దది. వయసు లెక్కన బోర్డుకి వెళ్లడానికి ఆమెకు అదే ఆఖరి అవకాశం. హుకుంపేటలో గది తీసుకుని ఉండేది. పెద్దగా మాట్లాడేది కాదు. అమ్మ లేదని, నాయనమ్మ పెంచిందని మాత్రం తెలుసు. అంతకుమించి నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

నవంబరు చివర్లో ఒక వారం ఆమె మడమ బెణికింది. మేమంతా పరుగుకి వెళితే తను చర్చి వరండాలో మా బ్యాగుల దగ్గర కూర్చునేది. నా బ్యాగులో నా కథల నోట్‌బుక్ ఉండేది. తెల్ల కాగితానికి నేను తయారుచేసుకున్న కథ అందులోనే ఉంది. ఒక నిండు చూలాలిని డోలీలో మోసుకొస్తుంటారు. దారిలో గెడ్డ, అంటే కొండవాగు, పొంగుతుంది. మా కథానాయిక, ఒక ఆరోగ్య కార్యకర్త, అడవిలో దొరికే అడ్డతీగను తాడులా కట్టి డోలీని దాటిస్తుంది. ఏజెన్సీలో ఇలాంటివి వింతేమీ కాదు. పేపర్లో చదివినవే పోగేసి అల్లాను.

ఆ వారంలోనే ఒకరోజు పొద్దున్న సారు పన్నెండు బొమ్మలూ పెట్టారు. నేను కిటికీ పక్కన మొదటి బల్ల. పార్వతక్క తలుపు దగ్గర చివరి బల్ల. మధ్యలో నలుగురున్నారు. తెల్ల చార్టు వచ్చింది. నా కథ మొదలుపెట్టాను.

ఇక్కడ జరిగింది జరిగినట్టే రాస్తాను. చెవిలో ఏదో వినిపించిందనో, ఒళ్లు గగుర్పొడిచిందనో చెబితే అబద్ధం. అలాంటిదేమీ లేదు. కాకపోతే అనుకున్న కథ కొంచెం పక్కకు తిరిగింది. గెడ్డ దగ్గర పొగమంచు కమ్మినట్టు రాశాను. అవతలి ఒడ్డు కనిపించక మోసేవాళ్లు ఆగిపోతే, ఆ ఒడ్డున ఒక ముసలామె పళ్లెం కొడుతుంది. మూడుసార్లు కొట్టి ఆగుతుంది. మళ్లీ మూడుసార్లు. ఆ చప్పుడు పట్టుకుని డోలీ దాటుతుంది. ఒడ్డెక్కాక డోలీలోని మనిషి ఒక మాట అంటుంది. ఆ మాటను ఇంగ్లీషులో కాక తెలుగులో రాసేశాను. అక్కడే ఒడ్డు మీద బిడ్డ పుడుతుంది. తల్లి బిడ్డను దగ్గరికి తీసుకుని ఏదో అంటుంది. అదీ తెలుగులోనే మొదలుపెట్టాను. ఒక గీత గీశానో లేదో సారు ‘స్టాప్’ అన్నారు.

మర్నాడు సారు నన్నూ పార్వతక్కనూ లోపలికి పిలిచి, రెండు కాగితాలు పక్కపక్కన పెట్టారు. నా దాని మీద తెలుగు వాక్యం చుట్టూ ఎర్రటి సున్నా ఉంది. కింద ‘అసంపూర్తి’ అని రాసి ఉంది. పార్వతక్క కాగితం చదివాను. డోలీ, గెడ్డ, పొగమంచు, అవతల పళ్లెం కొట్టే ముసలామె. ఆమె కథలో కథానాయిక బడికి వెళ్లే అమ్మాయి. చివర్లో తల్లీ బిడ్డా క్షేమంగా ఇంటికి వస్తారు. తేడా అంతే.

నాకు ఒళ్లు మండిపోయింది. మూడు నెలలు నాతో రొట్టె పంచుకున్న మనిషి!

“సార్, నా నోట్‌బుక్ బ్యాగులో ఉంది. మేం పరుగుకి వెళ్లినప్పుడు బ్యాగుల దగ్గర ఉన్నది పార్వతక్క ఒక్కతే” అన్నాను.

“నాను తియ్యనేదు సార్” అంది ఆమె.

“మరి ఈ కథ ఎక్కడిదమ్మా?” అని సారు అడిగారు.

ఆమె తన కాగితం వంక చూసింది. నోరు తెరవలేదు. ఎంత అడిగినా తెరవలేదు. తప్పు చేసిన మనిషి అలాగే ఉంటుందని నేను తీర్పు చెప్పేసుకున్నాను. నిజం చెప్పేదాకా క్లాసుకి రావద్దన్నారు సారు. ఆమె కుంటుకుంటూ వెళ్లి పాడేరు జీపెక్కింది. బోర్డుకి ఇంకా పద్దెనిమిది రోజులు. ఆ జీపు కదులుతుంటే నాకు జాలి వేయలేదు. గెలిచినట్టు అనిపించింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

ఇంటికి వచ్చి నోట్‌బుక్ తీశాను, సారుకి రుజువు చూపిద్దామని. కథ ఉంది. డోలీ ఉంది, గెడ్డ ఉంది, అడ్డతీగ ఉంది.

పొగమంచు లేదు. ముసలామె లేదు. పళ్లెం లేదు.

అవి ఆ నాలుగు నిమిషాల్లో నేను అక్కడికక్కడ కలిపినవి. నా నోట్‌బుక్ మొత్తం చదివినా ఆమెకు దొరికేవి కావు. ఆమె నా కాగితంలోకి తొంగిచూసిందా అంటే, మా ఇద్దరి మధ్య పద్దెనిమిది అడుగులైనా ఉంటుంది. తర్వాత టేపు పెట్టి కొలిచాను కూడా. కథ ముందే ఎవరికైనా చెప్పానా అంటే, నాకే తెలియనిది ఎవరికి చెబుతాను? ఇద్దరం ఏదైనా గైడులో చదివామేమోనని క్లాసులో ఉన్న పుస్తకాలన్నీ తిరగేశాను. లేదు.

అప్పుడైనా పరిగెత్తుకెళ్లి చెప్పాలి కదా. చెప్పలేదు. రెండు రోజులు ఆ నోట్‌బుక్‌ను పరుపు కింద పెట్టుకుని తిరిగాను. నేను తప్పు అని ఒప్పుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. మూడో రోజు ఉండబట్టలేక సారు ముందు పెట్టాను. ఆయన చాలాసేపు నోట్‌బుక్కునీ కాగితాలనీ మార్చి మార్చి చూశారు. తర్వాత రెండు కాగితాలూ నా చేతిలో పెట్టి, “నీ మాట మీద పంపేశాను. నువ్వే తీసుకురా” అన్నారు.

మర్నాడు జీపులో పాడేరు, అక్కడి నుంచి జి.మాడుగుల, తర్వాత ఆటో, ఆటో ఆగిపోయిన చోటు నుంచి నడక. ఊరికి ముందు ఒక గెడ్డ మీద కొత్తగా కట్టిన కల్వర్టు ఉంది. దాని మీద నిలబడి కిందికి చూశాను. రాళ్లు, నీళ్లు, అవతల వాలు. ఎక్కడైనా గెడ్డ గెడ్డలాగే ఉంటుందని నాకు నేనే చెప్పుకుని దాటాను.

మిట్టమధ్యాహ్నం ఎండ. వాళ్ల వాకిట్లో పరదా మీద కాఫీ పళ్లు ఆరబోసి ఉన్నాయి. పార్వతక్క వాటిని కలియబెడుతోంది. నాయనమ్మ పక్కన కూర్చుని పుల్లలు ఏరుతోంది. నన్ను చూసి అక్క లోపలికి వెళ్లిపోతుందనుకున్నాను. పీట వేసింది.

క్షమించమన్నాను. నోట్‌బుక్ సంగతి చెప్పాను. సారు రమ్మన్నారని, బోర్డుకి పోవాల్సిందేనని బతిమాలాను. చివరికి నా అలవాటు పోనిచ్చుకోక, “కానీ అక్కా, ఆ కథ నీకెక్కడిది?” అని అడిగేశాను.

“అది కత కాదు ఎస్తేరూ. నాను పుట్టినప్పటి సంగతి” అంది.

డోలీలో ఉన్నది వాళ్లమ్మ. దాటింది నేను చూసి వచ్చిన ఆ గెడ్డే. పళ్లెం కొట్టింది ఈ నాయనమ్మే. అక్క ఒడ్డు మీదే పుట్టింది. వాళ్లమ్మ మాత్రం రోడ్డు దాకా రాలేదు. ఒడ్డు మీదే ప్రాణం పోయింది.

“మరి ఆరోజు సారుతో చెప్పలేదేం?”

“మా అమ్మ సచ్చిపోనాదని సారు ముందల సెప్పి ఏడవాలా? కాయితం మీద రాసినప్పుడైనా బతికించుకున్నాను. మల్లీ నా నోటితోటి సంపమంతావేటి?”

 ఈ లోపు నాయనమ్మ లేచి ఇంట్లోంచి సొట్టలు పడ్డ సత్తు పళ్లెం తెచ్చింది. దాంట్లో ఎవరూ తినరట. “నాను అంబలి పట్టుకొని ముందు దాటీసినాను. మంచు కమ్మీసింది. మోసినోల్లకి ఒడ్డు కనపడనేదు. కొడవలి పిడితోటి మూడు కొట్టి ఆపీవోదాన్ని. ఆలు కూకేస్తే మల్లీ మూడు” అంది. అవతలివాళ్ల కేక వినడానికి ఆగేదన్నమాట. మూడుసార్లు అని నేనెందుకు రాశానో నాకే అప్పటిదాకా తెలియదు.

పార్వతక్క కాగితంలో మూడు అన్న లెక్క లేదు. నా కాగితంలోనే ఉంది.

ఆమె నా చేతిలోంచి ఆ కాగితం తీసుకుంది. అప్పటిదాకా తను అది చదవనే లేదు. చదువుతూ ఎర్ర సున్నా దగ్గర ఆగి, ఆ తెలుగు మాట పైకి చదివింది.

“వొచ్చీసినాం అత్తా, ఇంక ఆపీయ్.”

నాయనమ్మ చేతిలో పళ్లెం ఒళ్లోకి జారింది. “ఓ గుంటా, మల్లీ సదువు” అంది. అక్క మళ్లీ చదివింది.

“ఆ మాట నాతోటి అంది. నా ఒక్కదాన్తోటే. మోసినోల్లు తాడు తేడానికి ఎనక్కెల్లినారు. నా కోడలు ఆకరికి నాతో అన్న మాట అది. నాను ఎవులికీ సెప్పనేదు. దీనికీ సెప్పనేదు. నీకెవులు సెప్పినారు?” అని ఆ ముసలామె నన్ను అడిగింది. నేను మనుషుల్ని చూసే చూపే అది. అనుమానంగా, కళ్లలోకి.

ఎవరూ చెప్పలేదన్నాను. నేను చెప్పేది నాకే నమ్మబుద్ధి కాలేదు.

తర్వాత ఏం జరిగిందని అక్క అడిగింది. నీళ్లు వెచ్చబెట్టడానికి పక్కకు వెళ్లానని నాయనమ్మ చెప్పింది. “నిన్ను దగ్గరికి తీసుకొని నీ సెవిలో ఏటో అంది. దూరం నించి సూసినాను గానీ ఇనపడనేదు. నాను తిరిగొచ్చేతలికి అయిపోనాది.”

పార్వతక్క మళ్లీ నా కాగితం వైపు చూసింది. తల్లి బిడ్డను దగ్గరికి తీసుకుని ఇలా అంది, అని రాసి ఉంది. ఆ తర్వాత ఒక గీత. అంతే.

“తరవాత ఏటన్నాది ఎస్తేరూ?”

“సారు స్టాప్ అన్నారక్కా” అన్నాను. ఏడుపు ఆగలేదు నాకు. ఆమె నన్ను ఓదార్చింది. ఓదార్చవలసింది నేను.

మర్నాడు ఇద్దరం కలిసి హుకుంపేట వచ్చాం. పార్వతక్క బోర్డుకి వెళ్లింది, నెగ్గింది. ఇప్పుడు ట్రైనింగులో ఉంది. నేను నెల తర్వాత వెళ్లాను. తెల్ల కాగితం వచ్చినప్పుడు బడిలో అగ్గి ఆర్పిన అమ్మాయి కథ ఒకటి రాసి వచ్చాను. నన్ను తీసుకోలేదు. మళ్లీ వెళ్లడానికి తయారవుతున్నాను.

ఇప్పటికీ దీనికి కారణం ఏమిటో నాకు తెలియదు. నాన్నను అడిగాను, అమ్మను అడిగాను. ఆ ఊరి పేరే వాళ్లు వినలేదు. అక్క ఎప్పుడైనా మాటల్లో నాతో అని ఉంటుందా అంటే, తనకే తెలియని మాట నాతో ఎలా అంటుంది? అనుమానించడానికి ఇంక ఎవరూ మిగలలేదు, నేను తప్ప.

ఆ కాగితం పార్వతక్క దగ్గరే ఉంది. అడిగింది, ఇచ్చేశాను. రాత నాదే గానీ, అది నాది కాదు.

తీరిక దొరికినప్పుడల్లా ఫోనులో నాలుగు నిమిషాలు పెట్టుకుని, తెల్ల కాగితం ముందు కూర్చుంటాను. పొగమంచు దగ్గర మొదలుపెడతాను. పళ్లెం, డోలీ, ఒడ్డు, అన్నీ వస్తాయి. బిడ్డను దగ్గరికి తీసుకున్నాక కలం ఆగిపోతుంది.

పార్వతక్క ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తుంది. ట్రైనింగు సంగతులు చెబుతుంది. నా పరుగు ఎంత టైములో వస్తోందో అడుగుతుంది. పెట్టేసే ముందు, “ఏటైనా వొచ్చిందా?” అంటుంది.

ఇంకా రాలేదక్కా అంటాను.