బార్కస్‌లో కొరియా భోజనం, నా అబద్ధం

పోయిన చలికాలంలో నేను వరంగల్ నుంచి హైదరాబాదు వెళ్ళింది ఒక్క పూట భోజనం కోసం. లాల్‌దర్వాజాలో ఉండే నా బావమరిది నర్సింగరావు ఉత్తరం రాశాడు. కొరియా యుద్ధానికి మన వైద్యదళం వెంట వంటవాడిగా వెళ్ళొచ్చిన సాలెహ్ అనే ఆయన బార్కస్‌లో హోటల్ పెట్టాడట. శుక్రవారం సాయంత్రాలు ఆ దేశపు భోజనం వండుతున్నాడట. "గా దేశంల తిన్నోనివి నువ్వే గద బావా, వచ్చి రుచి చెప్పాలె" అని రాశాడు. అసలు నేను కొరియా వెళ్ళనే లేదు. సైన్యంలో గుమాస్తాగా మద్రాసు రేవులో ఓడకెక్కే సామాను చూసుకున్నాను, అంతే. పెళ్ళిమాటల్లో గొప్పకోసం వెళ్ళొచ్చానన్నాను. మూడేళ్ళుగా ఆ మాటకు మంచూ విందులూ చేరుస్తూనే ఉన్నాను.

రానంటే అనుమానిస్తాడని ఉదయం ఏడింటి ప్యాసింజరెక్కాను. మధ్యాహ్నానికి నాంపల్లి. లాల్‌దర్వాజాలో కాస్త నడుం వాల్చి, అయిదింటికి ఇద్దరం రిక్షా ఎక్కాం. బార్కస్‌కు ముప్పావుగంట, ఎనిమిదణాలు. "గీ హోటల్ల చాయ్ మస్తుంటది సాబ్, గా పుల్లకూర మాత్రం నాతోని గాలె" అని నవ్వాడు రిక్షావాడు.

అయిదారు బల్లల చిన్న హోటల్. సాలెహ్ నలభై దాటిన మనిషి. తనే వడ్డించాడు. ముద్దకట్టిన అన్నం, ఎండుచేపల పలచటి చారు, కారం వెల్లుల్లి పట్టించి ఊరబెట్టిన క్యాబేజీ, ఇక్కడివాళ్ళ మాటలో గోబీ. గోబీ ఒక్కటే నోట్లో పెట్టుకుంటే పులిసిన వాసన ముక్కుకెక్కింది. చారులో ఉప్పే తెలియలేదు. నిజంగానే నిరాశపడ్డాను. అక్కడితో ఊరుకుంటే పోయేది.

"ఎట్లున్నది బావా?" అన్నాడు నర్సింగరావు, పక్క బల్లలవాళ్ళకూ వినబడేట్టు.

"ఇది కొరియా వంటే కాదు. అక్కడ మసాలా దట్టించి వేస్తారు" అన్నాను, ఇంకా గట్టిగా.

సాలెహ్ ముఖం వెలిగిపోయింది. పరుగున వచ్చాడు. "సాబ్, మీరు గాడ ఉండిన్రా? చలికాలం నదులు గడ్డకడితే నీళ్ళకు ఏం జేస్తుండిరి?"

"బావి నీళ్ళు తోడుకునేవాళ్ళం."

ఆయన నా కళ్ళలోకి ఒక్క క్షణం చూశాడు. ఆ చూపుకే తెలిసిపోయింది, నేను దొరికిపోయానని. కానీ ఆయన నర్సింగరావు వైపు తిరిగి, "సాబ్ సహీ చెప్పిన్రు. తప్పు నా చేతిలనే ఉన్నది" అని మా పళ్ళేలు తీసేశాడు. పక్క బల్ల దగ్గర ఇద్దరు తినడం ఆపి చాయ్ తెమ్మన్నారు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే ఒక్కడినే మళ్ళీ బార్కస్ వెళ్ళి, "నేను కొరియా చూడలేదు భాయ్, మాఫ్ చెయ్యండి" అన్నాను.

"నాకు ఎర్కయింది సాబ్" అన్నాడు సాలెహ్. "గాడ మేము మంచుగడ్డలు కరగబెట్టుకొని తాగుతుంటిమి, బావులు యాడివి?" అని ఆగి, మళ్ళీ చెప్పాడు. "మా డేరా పక్కన ఒక ముసలమ్మ ఉండె. ఇల్లు కూలిపోయింది. మిగిలిన గింతంత గోబీ నాకు పెట్టి, వంట నేర్పింది. నిన్న మిమ్మల్ని కాపాడాలని, ఆమె వంటనే తప్పన్న. నాకు సిగ్గయితుంది సాబ్."

లాల్‌దర్వాజాకు తిరిగొచ్చి నర్సింగరావుకు నిజం చెప్పాను. స్టేషన్ దాకా వచ్చాడు. బండి కదిలేముందు, "అక్కకు నువ్వే చెప్పు. నేను చెప్పను" అన్నాడు. ఆ రాత్రే నా భార్య కమలకు చెప్పాను. ఆమె, "మరి ఆ మంచు?" అని అడిగింది. అదీ లేదన్నాను.

అబద్ధం చెప్పినందుకు తిట్లు తినడం తేలికే. నా పరువు కోసం సాలెహ్ తన ముసలమ్మను కాదనుకోవలసి వచ్చిందే, అది నన్నింకా వదల్లేదు. నర్సింగరావు రాశాడు, ఆయన శుక్రవారం వంట మానలేదట. మీరు వెళితే ఆరింటికల్లా చేరండి, గోబీని విడిగా తినకండి. చిటికెడు తీసి వేడి అన్నంలో చుట్టి తినాలట. ఎలా తినాలో ముందు ఆయన్నే అడగండి. నేను అడగలేదు.