దోన్ ఎలియోదోరో కుర్చీ

వారంటీ తీరకముందే కొత్త లారీ కూలబడితే, కంపెనీవాళ్లు దోన్ ఎలియోదోరోను షోరూము బల్ల ముందు పొద్దుటినుంచి సాయంత్రం దాకా నిలబెట్టి, దీపాలార్పి, రేపు రమ్మన్నారు. ఆ రేపు ఇంతవరకూ రాలేదు. అప్పటినుంచీ ఆయనకు కుర్చీ పిచ్చి పట్టింది. కొండమీది ఎల్ ఆల్టో ఊళ్లో జనం టోపీ లేకుండానైనా బయటికొస్తారు గాని, ఆయన కుర్చీ లేకుండా గడప దాటడు. పొద్దున్నే మబ్బులు వీధుల్లోకి దిగినప్పుడు ముందు నాలుగు కొయ్య కాళ్లు గాలిలో తేలుతూ వచ్చేవి. ఆ వెనక ఆయన.

చిత్రమేమంటే, అందులో ఆయన కూర్చోగా చూసినవాళ్లు లేరు. బస్సులో సీటు దొరక్కపోతే కుర్చీని నెత్తిన పెట్టుకుని నిలబడేవాడు. చర్చిలో దాన్ని పక్కన పెట్టుకుని మోకరిల్లేవాడు. పెళ్లాన్నైనా సంతలో మరిచొస్తాడు గాని దాన్ని మరవడని భార్య దోన్యా బసీలియా నవ్వేది.

రేనాన్‌కు ఇలాంటివాళ్లంటే ఒళ్లుమంట. పాతపుస్తకాల అంగట్లో చట్టాలు సొంతంగా చదివి, లోకమంతా దొంగలదేనని తేల్చుకున్న కుర్రాడు. అతని కొత్త మినీబస్సు వారంటీలో ఉండగానే నడిరోడ్డు మీద ఆగిపోయింది. కార్నివాల్ పండగ వారం దాటేలోపు అది కదలకపోతే డ్రైవర్ల సంఘం రూటులో అతని వంతు మరొకరికి ఇచ్చేస్తుంది. షోరూము మేనేజరు బానెట్ ఎత్తి వాసన చూశాడు.

“బీరు పోశావా?”

“కొత్త బండి పూజకి పొయ్యనివాడెవడు? నేలతల్లికి కొంచెం, దీనికి కొంచెం.”

“వైర్లు తడిశాయి. వారంటీ చెల్లదు.”

బీరు వల్లే చెడిందని రుజువు చేయాల్సింది మీరేనని రేనాన్ చట్టం ఏకరువు పెట్టాడు. మేనేజరు ఆవలించాడు. అద్దం పగలగొట్టడానికి రాయి దొరుకుతుందా అని రేనాన్ చూస్తుండగా, వెనక కొయ్య చప్పుడైంది.

“కూర్చో అబ్బాయ్,” అన్నాడు దోన్ ఎలియోదోరో. “నిలబడ్డవాడికి ఇల్లు గుర్తొస్తుంది. కూర్చున్నవాణ్ణి చూస్తే వాళ్లకి ఇల్లు గుర్తొస్తుంది.”

పిచ్చివాడితో వాదన దేనికని కూర్చున్నాడు. మర్నాడూ కూర్చున్నాడు. తెరిచిన తలుపులోంచి మబ్బు లోపలికొచ్చి, కొత్త బండ్ల మధ్య మంద తప్పిన లామా పిల్లలా తిరుగుతుంటే, రేనాన్ కోపం కూడా కునికిపాట్లు పడేది. పక్కనే నిలబడ్డ ముసలాయన, వచ్చేపోయే వాళ్లకు పెళ్లికొడుకు తండ్రిలా తలూపేవాడు.

కార్నివాల్ మంగళవారం వచ్చింది. ఆ రోజు ఇంటికీ అంగడికీ బండికీ అన్నిటికీ పూజే. షోరూములో రంగు కాగితాలు చుట్టారు, పూరేకులు చల్లారు. మేనేజరే స్వయంగా బీరు సీసాల మూతలు తీసి, బానెట్ తరవాత బానెట్ నురగలు పొంగించుకుంటూ వచ్చాడు. కొనబోయేవాళ్లు చప్పట్లు కొట్టారు.

దోన్ ఎలియోదోరో టోపీ తీసి, ముహూర్తం అడిగినంత మెల్లగా అడిగాడు.

“మేనేజరు గారూ, ఇప్పుడు తడిసినవాటిలో వేటికి వారంటీ ఉంది?”

చప్పట్లు ఆగాయి. నురగ మాత్రం చుక్కలు చుక్కలుగా కారుతూనే ఉంది. సంతకానికి వంగిన ఒకావిడ కలాన్ని తిరిగి సంచిలో వేసుకుంది. పండగ సెలవులు కూడా పక్కనపెట్టి, రేనాన్ బండికి కొత్త వైర్లు ఉచితంగా వేసిచ్చారు. అతని వంతు అతనికే నిలిచింది.

కుర్చీ దింపడానికి రేనాన్ ముసలాయన ఇంటికి వెళితే, దోన్యా బసీలియా ఊదారంగు మొక్కజొన్న జావ వేడివేడిగా పోసిచ్చి అసలు సంగతి చెప్పింది. లారీ కూలబడిన ఆ రోజు ఆ బల్ల ముందు వాచిన మోకాళ్లతో ఆవిడా నిలబడింది. సాయంత్రం ఆయనే ఆవిణ్ణి వీపున మోసుకొచ్చాడట.

“లారీ పోయినందుకు ఏడవలేదు నాయనా. నాకోసం ఒక్క కుర్చీ అడగలేకపోయానని ఏడ్చాడు.”

అప్పటినుంచీ ఎవరి బండి మొరాయించిందని విన్నా, వాళ్లు నిలబడబోయే బల్ల దగ్గరికి కుర్చీ మోసుకెళ్తున్నాడు.

ఆ తరవాత రేనాన్ దూరాన ఉన్న కొచబంబా ఊరి రూటుకు మారాడు. సెలవు తీసుకోవడానికి వెళ్తే, ముసలాయన అచ్చం అలాంటిదే కొత్త కుర్చీ ఒకటి చేసి, బండి టాపు మీద కట్టి, పూరేకులు చల్లి, సీసా మొత్తం దాని మీద కుమ్మరించాడు.

“కాలు విరిగితే తీసుకురా, బాగుచేసిస్తా,” అన్నాడు. “బీరు పోసింది నేనేగా.”